సూర్యకాంతం పేరు, గుండమ్మ కథ

బెంగళూరులో పుట్టి పెరిగిన మన పిల్లలకు తెలుగు చదవడం రాకపోవచ్చు, రాయడం అసలే రాకపోవచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు అన్న పంపకంలో మాతృభాష వాటా ఏటేటా తగ్గుతూనే ఉంది. అయినా ఆ పిల్లలకు కూడా తెలిసిన తెలుగు మాట ఒకటుంది. పక్కింటావిడ కాస్త గొంతు పెంచితే చాలు, "అమ్మో, సూర్యకాంతం!" అంటారు. సూర్యకాంతం ఎవరంటే మాత్రం చెప్పలేరు. సినిమా చూసి ఉండరు, ముఖం ఎరగరు. ఒక మనిషి పేరు విశేషనామం కాకుండా పోయి, సామాన్యనామమై భాషలో కలిసిపోయింది. నటనకు ఇంతకంటే పెద్ద బిరుదు లేదని కొందరంటారు. నాకు మాత్రం ఇందులో కొంత అన్యాయం కూడా ఉందనిపిస్తుంది.

నిజానికి ఆ పేరు చక్కనిది. సూర్యకిరణం సోకితే నిప్పు పుట్టించే రాయి సూర్యకాంతమనీ, వెన్నెల సోకితే కరిగేది చంద్రకాంతమనీ మన కావ్యాలు చెబుతాయి. మునిమాణిక్యం నరసింహారావు గారి కాంతం తెలుగువాళ్లందరికీ ఇంటి ఇల్లాలు. ఆ కాంతానికి ముందు సూర్యుణ్ణి చేర్చేసరికి జనం భయపడి పారిపోయారు! ఒక తరం తరువాత ఆడపిల్లకు ఆ పేరు పెట్టే ధైర్యం తల్లిదండ్రులకు లేకపోయింది. ఉన్నవాళ్లు సగం కత్తిరించుకుని కాంతమనో సూర్య అనో పిలిపించుకున్నారు. తన పనిని గొప్పగా చేసినందుకు తన పేరునే భాష నుంచి పోగొట్టుకున్న కళాకారిణి మరొకరు ఉన్నారా?

సూర్యకాంతం 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఆటా పాటా నేర్చుకుని, సినిమా మీద ఆశతో మద్రాసు చేరారు. 1946లో వచ్చిన "నారద నారది" మొదటి చిత్రం. జెమినీ స్టూడియోలో నెలజీతానికి పనిచేశారు. కోరిక మాత్రం కథానాయిక కావాలని. ఆ అవకాశం చేతిదాకా వచ్చిందనీ, అంతలో కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బ తగిలి చేజారిందనీ చెబుతారు. 1950లో ఎల్.వి. ప్రసాద్ తీసిన "సంసారం"లో గయ్యాళి వేషం కట్టారు. అప్పటికి ఆమె వయసు పాతికేళ్లు. పాతికేళ్ల పిల్లకు దక్కిన ఆ ముసలి వేషం దాదాపు జీవితాంతం వదల్లేదు.

వయసు సంగతి వచ్చింది కనుక ఒక చిన్న లెక్క. "మాయాబజార్" (1957)లో ఘటోత్కచుడి తల్లి హిడింబి సూర్యకాంతమే. ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు 1918లో పుట్టారు. అంటే కొడుకు కంటే తల్లి ఆరేళ్లు చిన్నది. చూసేవాళ్లకు ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? ఆ భారీ రాక్షసుడు అమ్మా అని ఒదిగి నిలబడితే, ఈవిడ కన్నతల్లిలాగే కనిపిస్తుంది. గయ్యాళి అని ముద్ర వేసుకున్న మనకు ఆ వాత్సల్యం గుర్తుండదు.

ఆమె ప్రత్యేకత కేకలు వేయడంలో లేదు. కేకలు ఎవరైనా వేస్తారు. ఆమెది ఎడమచేతి వాటం. ఆ ఎడమచెయ్యి గాలిలో తిప్పుతూ మాట్లాడితే మాటకు రెండంచులూ పదునెక్కేవి. కోడలిని తిడుతూ తిడుతూ, గుమ్మంలో పరాయి మనిషి కనబడగానే గొంతు తేనెలోకి దించేయడం, అతను అటు వెళ్లగానే ఆగిన అక్షరం దగ్గరే మళ్లీ అందుకోవడం, ఇది ఆమెకే చెల్లింది. గోదావరి జిల్లా పలుకుబడి ఆ తిట్లకు ఒక సంగీతం ఇచ్చింది. అందుకే జనం ఆమెను తిట్టుకుంటూనే నవ్వారు. భయపెడుతూనే నవ్వించడం ఎంత కష్టమో రంగస్థలం ఎక్కినవాళ్లకు తెలుసు. బయట ఆమె మెత్తని మనిషి అనీ, షూటింగుకు ఇంటినుంచి పులిహోరా పిండివంటలూ తెచ్చి అందరికీ పెట్టేవారనీ ఆమెతో పనిచేసినవాళ్లు చాలామంది చెప్పారు.

యాభైలూ అరవైలలో తెలుగు కుటుంబ చిత్రాలకు మూలస్తంభం ఆమే అంటే అతిశయోక్తి కాదు. శరత్ బాబు "నిష్కృతి" నవల ఆధారంగా అన్నపూర్ణ సంస్థ తీసిన "తోడికోడళ్లు" (1957) తీసుకోండి. కన్నాంబ, సావిత్రి మంచి కోడళ్లు. ఆ ఇంట్లో అందరూ మంచివాళ్లే అయితే కథేముంది? మధ్యలో అనసూయగా సూర్యకాంతం అడుగు పెడితేనే వంటింట్లో పొయ్యి రాజుకుంటుంది, ఉమ్మడి కుటుంబం రెండుగా చీలుతుంది. "వెలుగు నీడలు" (1961)లోనూ అంతే. కథను ముందుకు నెట్టే బరువు ఆమెది, గోడమీది పోస్టరులో బొమ్మ మరొకరిది. సహాయ నటి అన్న మాటే చిత్రమైనది. ఎవరు ఎవరికి సహాయం చేస్తున్నారో ఆ మాట చెప్పదు.

పోస్టరు పేరు ఆమె పాత్రకు దక్కిన సందర్భం ఒకటుంది. అదే మన బెంగళూరు తెలుగువాళ్లు ప్రత్యేకంగా చెప్పుకోవలసింది. "గుండమ్మ కథ" 1962 జూన్ 7న విడుదలైంది. రామారావుకు నూరవ చిత్రం, నాగేశ్వరరావుకు తొంభై తొమ్మిదవది. పైన సావిత్రి, జమున, రంగారావు. ఇంతమంది మహామహులుండగా సినిమాకు పెట్టిన పేరు సూర్యకాంతం పాత్రది. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనుక అన్న తగవు లేకుండా ప్రధాన నటీనటుల పేర్ల బదులు బొమ్మలే వేశారు టైటిల్స్‌లో. గుండమ్మ ముందా రామారావు ముందా అన్న ప్రశ్నకు సినిమా పేరే జవాబిచ్చేసింది.

ఇంతకూ గుండమ్మ మన ఆడపడుచు కాదు, కన్నడ దేశం నుంచి వచ్చిన కోడలు. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి, మైసూరులో శంకర్ సింగ్‌తో కలిసి మహాత్మా పిక్చర్స్ నడిపిన బి. విఠలాచార్య 1958లో "మనె తుంబిద హెణ్ణు" అనే కన్నడ చిత్రం తీశారు. తరువాతి కాలంలో కత్తి యుద్ధాలతో, మాయలతో తెలుగు జానపదాలకు మారుపేరైన విఠలాచార్యే ఈయన. ఇల్లాలి కథ చెప్పిన మనిషే దెయ్యాల కథల్లోకి వెళ్లడం ఒక తమాషా. ఆ కన్నడ చిత్రం తీసేటప్పుడు విజయా నాగిరెడ్డి గారు సాయపడ్డారు. ఆ కృతజ్ఞతతో విఠలాచార్య తెలుగు హక్కులు ఆయనకు ఇచ్చారు. డి.వి. నరసరాజు రాసిన మొదటి ప్రతి దర్శకుడు పుల్లయ్యకు నచ్చలేదు. చక్రపాణి కథను తిరగరాసి, కమలాకర కామేశ్వరరావు చేతికిచ్చారు. షేక్‌స్పియర్ గయ్యాళి నాటకం ఛాయలు ఇందులో కనిపిస్తాయని విమర్శకులంటారు. ఆ ఛాయలు జమున వేసిన సరోజ పాత్రలో ఉన్నాయి, గుండమ్మలో లేవు.

కన్నడంలో గుండమ్మకు మొగుడున్నాడు, నోరులేనివాడు. తెలుగులో ఆ మొగుణ్ణి తీసేశారు. సూర్యకాంతానికి వేరే మొగుడెందుకు, అణచడానికి ఎదుట ఎవరూ లేకపోయినా ఆమె గయ్యాళేనని తెలుస్తుందని చక్రపాణి అనుకున్నారట. మంచి తెలివి. కానీ దానితో మరొకటి జరిగింది. మొగుడు లేని ఆస్తిపరురాలు, పెళ్లీడు కూతురు, సవతి కూతురు, చుట్టూ కన్నేసిన బంధువర్గం. ఇప్పుడు గుండమ్మ నోరు ఒట్టి దుర్మార్గం కాదు, ఇంటికి కట్టుకున్న ముళ్లకంచె కూడా. దర్శకుడు అంత దూరం ఆలోచించారో లేదో గాని, సూర్యకాంతం నటనలో ఆ భయం కనిపిస్తుంది. సవతి కూతురు లక్ష్మిని పనిమనిషిని చేసిన పాపం ఆమెదే, దాన్ని ఎవరూ కడగలేరు. కానీ పాలవాడు గంటయ్య ఏం చెబితే అది నమ్మే అమాయకత్వమూ ఆమెదే. రమణారెడ్డి ఆ ఇంట్లో దూరి ఆడించినంత సేపూ ఈవిడ ఆడుతుంది.

సినిమా చివరి భాగంలో ఛాయాదేవి వేసిన దుర్గమ్మ వస్తుంది. గుండమ్మ కంటే గయ్యాళి. గుండమ్మను తన ఇంట్లోనే అణగదొక్కుతుంది. హాలులో ఈలలు వేసేవాళ్లు ఇక్కడ వేసేవి తగిన శాస్తి జరిగిందని. నేనూ చిన్నప్పుడు అలాగే చప్పట్లు కొట్టాను. పెద్దయ్యాక టీవీలో చూసినప్పుడు చప్పట్లు రాలేదు. అంతవరకు ఇల్లంతా నిండి ఉన్న ఆ మనిషి, తన వంటింట్లోనే తిండికి భయపడుతూ చిన్నదైపోతుంది. ఎడమచెయ్యి గాలిలో లేవడం మానేస్తుంది. చివరికి ఆదుకోవడానికి వచ్చేది తాను పనిమనిషిగా చూసిన లక్ష్మి. ఆ దగ్గరే సూర్యకాంతం ఎంత పెద్ద నటో నాకు తెలిసింది. ఇంతకు ముందు ఎన్ని తిట్లు తిట్టినా, ఈ కాసిని నిమిషాలలో ప్రేక్షకుణ్ణి తన వైపు తిప్పేసుకుంది. ఇది గుండమ్మ కథే, అబద్ధపు పేరు కాదు.

పేరు విషయంలో మనకొక సౌలభ్యం ఉంది. కాకినాడలోనో గుంటూరులోనో గుండమ్మ అంటే నవ్వొస్తుంది, గుండురాయి గుర్తొస్తుంది. బెంగళూరులో నవ్వు రాదు. ఇక్కడ గుండప్ప అంటే డి.వి.జి., గుండూరావు అంటే ఒకప్పటి ముఖ్యమంత్రి. గుండమ్మ అంటే పక్కవీధి అజ్జి ఎవరైనా కావచ్చు. ఈ పేరు తెలుగుది కాదు, మార్చుదామా అన్న ఆలోచన వచ్చినా చక్రపాణి మార్చలేదు. ఆ పేరు వింతగా వినబడటమే ఆయనకు కావలసింది. మనకు మాత్రం అది ఇంటి పక్క పేరు. గయ్యాళి అన్న మాట కూడా అంతే. కన్నడంలోనూ గయ్యాళే. పూర్ణచంద్ర తేజస్వి రాసిన "కిరగూరిన గయ్యాళిగళు" 2016లో సినిమాగా వచ్చింది. ఆ ఊరి గయ్యాళులు మగవాళ్ల మూర్ఖత్వానికి ఎదురు తిరిగినవాళ్లు. కన్నడ రచయిత ఆ మాటను గౌరవంగా వాడుకున్నాడు. మనం ఆ మాటను ఒక నటికి తగిలించి, ఆమె పేరు పిల్లలకు పెట్టడం మానేశాం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా కన్నడం నుంచే ఉంది. "బేడర కణ్ణప్ప" (1954)లో రాజ్‌కుమార్ పక్కన నాయికగా వెలిగిన పండరీబాయి, తరువాత తమిళ, తెలుగు తెరల మీద తెల్లచీర కట్టిన తల్లిగా స్థిరపడ్డారు. తన కంటే పెద్దవాడైన ఎం.జి.ఆర్.కు తల్లి అయ్యారు. ఆమె పేరు వింటే జనం చేతులు జోడించారు. పని ఒకటే, కూలి ఒకటే. ఒకరికి దండం, ఒకరికి తిట్టు. పాత్ర మంచిదైతే నటి మంచిదనీ, చెడ్డదైతే చెడ్డదనీ అనుకోవడం చిన్నపిల్లల బుద్ధి అంటాం గాని, ఆ బుద్ధి మనలో పెద్దవాళ్లకీ ఉంది.

ఇక సత్కారాల సంగతి. హాలీవుడ్‌లో 1936 నాటి చిత్రాలనుంచే సహాయ నటికి ఆస్కార్ ఇస్తున్నారు. పనిమనిషిగా, పక్కింటావిడగా వేసిన థెల్మా రిట్టర్ ఆరుసార్లు ఆ పోటీలో నిలిచింది, ఒక్కసారీ గెలవలేదు. అయినా పోటీలో నిలబడేందుకు ఒక వరుస ఉంది. మన జాతీయ పురస్కారాలలో సహాయ నటి వరుస 1984 చిత్రాలతోగాని మొదలుకాలేదు. అప్పటికి సూర్యకాంతం అరవయ్యో ఏట ఉన్నారు. గుండమ్మ వేసిన ఏడాది ఆమెకు ఇవ్వడానికి ఢిల్లీలో ఏ పేరుతోనూ బహుమతి లేదు. పద్మ పురస్కారం కూడా రాలేదు. ఆమె 1994 డిసెంబరులో పోయారు.

"గుండమ్మ కథ"ను కొత్త తరం హీరోలతో మళ్లీ తీయాలన్న మాట ఎన్నోసార్లు వినబడింది. రామారావు వేషానికి మనుమడున్నాడు, నాగేశ్వరరావు వేషానికి మనుమడున్నాడు. సావిత్రి, జమున వేషాలకు ఎవరినో ఒకరిని వెతకవచ్చునన్నారు. ప్రతిసారీ గుండమ్మ ఎవరన్న దగ్గరే మాట ఆగిపోయిందని చెప్పుకుంటారు. 2024 అక్టోబరుకు సూర్యకాంతం పుట్టి నూరేళ్లు నిండాయి. ఆ వేషం ఇంకా ఖాళీగానే ఉంది.