నామకరణము – లోకప్రభావము

వికారాబాదు చెంత అనంతగిరిపై వెలసిన అనంతపద్మనాభుని వలన అనంతయ్య, అనంతమ్మ. తాండూరు భావిగి భద్రేశ్వరుని వలన భద్రప్ప, భద్రమ్మ – మన పూర్వులు ఇట్లు క్షేత్రదైవముల నామములనే శిశువులకు ఉంచెడివారు. నేడు బియ్యముపై వ్రాయుటకు తలిదండ్రులు చలనచిత్ర పాత్రల పేర్లు తెచ్చుచున్నారు. తొలుత నాకు ఖేదము కలిగెడిది.

విచారింపగా, ఇది నూతనము కాదు. నాడు హరికథ, యక్షగానము చేసిన పనినే నేడు వెండితెర చేయుచున్నది. వ్యాసభారతమున కానరాని శశిరేఖ, నాటకముల వలన, పిదప 1957 నాటి ‘మాయాబజార్’ వలన తెలుగువారికి ఆత్మీయనామమైనది. పారస్కర గృహ్యసూత్రము పురుషశిశువునకు రెండు లేక నాలుగు అక్షరముల పేరు విధించినది. అది ఏ కథనుండి రావలెనో చెప్పలేదు.

అయినను భాగవత షష్ఠస్కంధమున, అంత్యకాలమున అజామిళుని రక్షించినది కుమారునికి ఉంచిన ‘నారాయణ’ నామమే కదా! కావున పిలుపుపేరు ఏదైనను, దానికి ఒక భగవన్నామమును జతపరుపుడని ప్రార్థన.

శుభం భూయాత్.