ముందు సీటు: పల్నాటిలో మారుతీ 800

పల్నాడు అనగానే చదువరులకు వెంటనే స్ఫురించేవి కొన్ని ఉన్నాయి. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, కోడిపందెం, కారంపూడి రణరంగం. ఈ కాలపు వారికైతే నాగార్జునసాగరం, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, రెంటచింతల ఎండ, సినిమాల్లో దుమ్ము రేపుకుంటూ వచ్చే సుమోలు. ఈ వరుసలో మారుతీ 800 ఎవరికీ తట్టదు. తట్టకపోవడంలో వింత కూడా లేదు. చరిత్రకారుల చూపు ఎప్పుడూ ఊరేగింపులో ముందు నడిచే వాహనం మీదే ఉంటుంది. ఆసుపత్రికో, అత్తవారింటికో, కోటప్పకొండకో వెళ్లివచ్చే చిన్న కారును ఎవరు పట్టించుకుంటారు? అయినా, గడచిన నలభై ఏళ్లలో పల్నాటి మధ్యతరగతి ఇంటి లోపల ఏం మారిందో తెలియాలంటే ఆ చిన్న కారు ముందు సీటును చూడాలని నా అభిప్రాయం. అక్కడ ఎవరు కూర్చునేవారు, తరువాత ఎవరు వచ్చి కూర్చున్నారు అన్నదే ఈ టపాలో చెప్పదలచుకున్న సంగతి.

ముందుగా మారుతికి పూర్వపు స్థితి చెప్పుకోవాలి. మా చిన్నతనంలో మా వైపు కారంటే రెండే పేర్లు: అంబాసిడరు, ఫియేటు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, కలకత్తా చెంత ఉత్తరపారలో స్థిరపడిన బండి అంబాసిడరు. ఇటలీలో పుట్టి, బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ చేతుల్లో పెరిగి, 1970లలో పద్మిని అని పేరు మార్చుకున్నది ఫియేటు. డబ్బున్నా వెంటనే దొరికేవి కావు. పేరు నమోదు చేయించుకుని ఏళ్లతరబడి ఎదురుచూడాలి.

మా పెదనాన్నగారికి అంబాసిడరు ఉండేది. ఆయనకు నడపడం రాదు, నేర్చుకోవాలన్న ఆలోచనా లేదు. కారున్న ఆసామి స్వయంగా స్టీరింగు పట్టుకోవడం అప్పట్లో నామోషీ. ముందు బల్లసీటులో డ్రైవరు, ఆయన పక్కన పెదనాన్నగారు, తలుపు పక్కన ఆ వేళకు ఊళ్లో ముఖ్యుడైన మరొకరు. వెనక ఆడవాళ్లు, వారి ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర మూటలు. ఆ అమరిక ఎవరు చేశారో తెలియదు గానీ శాసనం చెక్కినట్టు అమలయ్యేది.

ఒక్కమాట ఒప్పుకోవాలి. ఆ కారు పేరుకు పెదనాన్నగారిదే అయినా సగం ఊరిది. పాము కరిచిన కూలీని అర్ధరాత్రి నరసరావుపేట ఆసుపత్రికి చేర్చింది అదే. పురుడు కష్టమైన ఇంటి ముందు ఆగిందీ అదే. అయితే అదే కూలీ మామూలు రోజున దాని మీద చెయ్యి ఆనించి నిలబడే వీలు లేదు. దయా ఉండేది, దర్పమూ ఉండేది. రెండూ ఒకే బండిలో ప్రయాణించేవి.

ఇక మారుతి పుట్టుక. ప్రజల కారు చేస్తామంటూ సంజయ్ గాంధీ 1971లో మొదలుపెట్టిన మారుతీ లిమిటెడ్ ఎమర్జెన్సీ ముగిశాక మూతపడింది. 1980లో ఆయన విమాన ప్రమాదంలో మరణించాక ప్రభుత్వం దాన్ని జాతీయం చేసి, 1981 ఫిబ్రవరిలో మారుతీ ఉద్యోగ్ లిమిటెడ్‌ను స్థాపించింది. 1982 అక్టోబరులో జపాను సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983లో 10,000 రూపాయల ధరావతుతో బుకింగులు తెరిస్తే లక్షకు పైగా జనం డబ్బు కట్టారు. ఆ ఏడు డిసెంబరు 14న, సంజయ్ పుట్టినరోజున, ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలను ఢిల్లీవాసి హర్‌పాల్ సింగ్‌కు అందజేశారు. ధర 47,500 రూపాయలు. ఇంజను 796 సీసీ, అంటే అంబాసిడరు 1,489 సీసీలో సగానికి కాస్త ఎక్కువ. సిలిండర్లు మూడే.

గుర్గావ్ కర్మాగారంలో జపాను పద్ధతిన పెద్ద అధికారికీ, కార్మికుడికీ ఒకే రంగు దుస్తులు, ఒకే భోజనశాల పెట్టారు. ఈ సంగతి చదివినప్పుడు పల్నాటివాడికి మాచర్ల చెన్నకేశవుడి సన్నిధిలో బ్రహ్మనాయుడు వేయించిన చాపకూడు గుర్తు రాక మానదు. రెండింటి వెనక ఉద్దేశాలు వేరనుకోండి. అయినా పక్కపక్కన కూర్చుని తినడమన్నది ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా వార్త కావడం ఆలోచింపజేస్తుంది.

పల్నాటికి మారుతి వెంటనే రాలేదు. దానికి ముందు నీళ్లు రావాలి, నీళ్ల వెంట డబ్బు రావాలి. 1967లో సాగరు కాలువలకు నీరు వదిలాక కుడి కాలువ కింద వరి, పత్తి, మిరప విస్తరించాయి. నల్లరేగడిలో పత్తి తెల్లబంగారం అయింది. కానీ 1987-88లో తెల్లదోమ విరుచుకుపడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల్ని కుదేలు చేసింది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవారున్నారు. కనుక మా వైపు తొలి మారుతీలు పొలం డబ్బుతో కాక నెలజీతం మీద, వైద్యం మీద, వ్యాపారం మీద వచ్చాయని నా పరిశీలన. నాకు గుర్తున్నంతలో పేటలో మొదట కొన్నవారు డాక్టర్లు, తరువాత సున్నం, నాపరాయి వ్యాపారులు, ఆపైన లెక్చరర్లు. రైతు ఇంటికి అది మిరపకు మంచి ధర పలికిన ఏడు వచ్చేది, ధర పడిపోయిన ఏడు చేతులు మారేది. గుంటూరు యార్డులో టిక్కీ రేటు ఎంతో తెలియాలంటే ఊళ్లో కార్లు లెక్కపెట్టమనేవారు హాస్యానికి.

వచ్చిన కొత్తలో దాన్ని చూసి నవ్వినవారే ఎక్కువ. అగ్గిపెట్టె అన్నారు. పల్నాటి ఎండకు కరిగిపోతుందన్నారు. నలుగురు పట్టి ఎత్తితే లేచే కారు కారేమిటన్నారు. నిజంగానే లేచేది. రేగడి బురదలో చక్రం దిగబడినప్పుడు ఆ లక్షణమే కాపాడేది: అంబాసిడరుకైతే ట్రాక్టరు కావాలి, దీనికి చేనులో ఉన్న నలుగురు చాలు. పేరు ఆంజనేయుడిది కావడం వల్ల సమర్థించేవారికి ఒక చక్కని సమాధానం దొరికింది. లంకలో ప్రవేశించినప్పుడు స్వామి ఎంతవాడయ్యాడు? అవసరానికి తగ్గి, అవసరానికి పెరిగేవాడే మారుతి! పెళ్లిళ్ల రోజుల్లో అయిదుగురి కారులో తొమ్మిదిమంది దిగడం చూశాక నవ్వినవాళ్లు కూడా ఆ మాట ఒప్పుకున్నారు.

మారుతి ఉన్న ఇంటికి ఆచారాలు కొన్ని వాటంతటవే ఏర్పడ్డాయి. కొన్నరోజున పూజ, చక్రాల కింద నిమ్మకాయలు, వెనక అద్దం మీద ఇంటి దేవుడి పేరు. ఇవి అన్ని బండ్లకూ ఉన్నవే. దీనికి ప్రత్యేకమైనవి వేరు. సీట్లకు కంపెనీవారు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు నెలల తరబడి తీసేవారు కారు. రెంటచింతల ఎండలో అవి వీపుకు అతుక్కుపోతే వాటి మీద తుండుగుడ్డ పరిచేవారు గానీ కవరు మాత్రం తీయరు. వానాకాలపు పొద్దున చోక్ లాగి, ఇంజను వణుకు సర్దుకునేదాకా ఓపిక పట్టాలి. ఏసీ ఉన్నవారు లారీని దాటాలంటే ముందు ఏసీ ఆపాలి, దాటాక మళ్లీ వేయాలి. కోటప్పకొండ ఘాట్ రోడ్డులోనైతే కొండ ఎక్కేదాకా ఆ మీట జోలికే పోకూడదు. చక్రాలు 12 అంగుళాలవి. చేలగట్ల వెంట బండి గాడిలో పడితే నడుమ మట్టిదిమ్మ కారు అడుగును గీరేస్తుంది కనుక ఒక చక్రం దిమ్మ మీద, ఒక చక్రం గట్టు మీద పెట్టి నడిపే విద్య అందరూ నేర్చుకున్నారు.

ఇక దాన్ని ఉంచే చోటు. వెడల్పు మీటరున్నరలోపు, పొడవు 3.3 మీటర్ల చిల్లర. అంబాసిడరు కంటే వెడల్పులో దాదాపు జానెడు, పొడవులో మీటరు తక్కువ. నాపరాళ్ల గోడల నడుమ అంబాసిడరు దూరని సందుల్లో ఇది సులువుగా దూరేది. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లను అమ్ముకున్న ఇళ్లలో గొడ్లసావిడి ఖాళీగా ఉంది. జత ఎడ్లు కట్టిన చోట మారుతి కొలిచినట్టు సరిపోయింది. కుడితి గోలెం పక్కన ఎర్ర కారు నిలబడి ఉన్న సావిళ్లు నేనెన్నో చూశాను. ఆ దృశ్యంలో ఒక వ్యవసాయ యుగం ముగిసిందన్న సంగతి అప్పుడు ఎవరికీ తోచినట్టు లేదు.

అన్నింటికంటే పెద్ద మార్పు డ్రైవరు లేకపోవడం. అంత చిన్న కారుకు జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడం దండగ అనిపించింది. పైగా అతను ఎక్కితే ఇంట్లోవాళ్లకు ఒక చోటు తగ్గుతుంది. కాబట్టి ఆసామి తానే నేర్చుకున్నాడు. నలభై దాటిన లెక్చరరు, యాభైకి చేరువైన షావుకారు, తెల్లవారుజామున కాలేజీ మైదానంలో గుండ్రంగా తిరిగారు. యజమాని చోదకుడైన మరుక్షణం ఒక కొత్త ప్రశ్న పుట్టింది: అతని పక్కన ఎవరు?

మా ఇంటికి ఒకరి చేతిలోనుంచి మారి మారుతి వచ్చింది 1994లో. నాన్నగారు నడుపుతుంటే మొదటి ప్రయాణంలో అమ్మ మామూలుగా ముందు కూర్చుంది. నాయనమ్మ ఏమీ అనలేదు. మూతి బిగించుకుంది, అంతే. రెండో ప్రయాణానికి అమ్మ మాట్లాడకుండా వెనక్కి వెళ్లింది, నాయనమ్మ ముందుకు వచ్చింది. పేట దాకా కూడా రాకముందే ఆమె ఆపమని దిగిపోయింది. మారుతికి ముక్కు పొట్టి కదా, ఎదురొచ్చే లారీలన్నీ తన ఒళ్లోకే వస్తున్నట్టున్నాయట! "నువ్వే కూర్చో తల్లీ, నీ మొగుడి డ్రైవింగు నువ్వే చూడు" అని అమ్మను ముందుకు పంపింది. మా ఇంట్లో ఆ తగవు అలా తీరింది. చాలా ఇళ్లల్లో అంత తేలిగ్గా తీరలేదు. కోడలు మొగుడి పక్కన కూర్చుని బజారు మధ్యగా వెళ్లడం మీద వారాల తరబడి మాటలు నడిచిన ఇళ్లు నాకు తెలుసు. పన్నెండో శతాబ్దిలో ఒక స్త్రీ గురజాల రాజ్యానికి మంత్రిణియై యుద్ధం నడిపిందని చెప్పుకునే నేల ఇది! అక్కడే ఇరవయ్యో శతాబ్ది చివర ఒక గృహిణి కారు ముందు సీటులో కూర్చోవచ్చునా అన్నది చర్చ అయింది.

దీనికి మరో ముఖం ఉంది. 1990లలో మారుతి కట్నాల జాబితాకెక్కింది. పొలం, బంగారం, స్కూటరు అన్న వరుసలో స్కూటరు కొట్టేసి కారు రాశారు. ముందు సీటు దక్కిన ఆడపిల్లల్లో ఎందరికి ఆ సీటు తండ్రి అప్పు చేసి కొన్నదో లెక్క వేయడం కష్టం. ఆ సీటును స్వేచ్ఛ అని ఒక్క మాటలో తేల్చేయలేకపోవడానికి ఇదే కారణం.

పోయినదీ ఉంది. అంబాసిడరు ఊరిని ఎక్కించుకునేది, మారుతి ఇంటిని మాత్రమే ఎక్కించుకుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, తప్పితే ఒక పెద్దామె, కారు నిండింది. దారిలో చెయ్యెత్తిన పొరుగువాడికి "చోటు లేదు బాబాయ్" అని చెప్పడం మొదట సిగ్గుగా ఉండేది, తరువాత అలవాటయింది. 2005లో మొదలైన 108 అంబులెన్సులు ఊళ్లకు వచ్చేదాకా పాము కరిచినవాణ్ని ఎవరు తీసుకెళ్లాలన్న ప్రశ్నకు సరైన జవాబు లేదు. ఇటు 1994లోనే టాటా సుమో దిగింది. మందీ మార్బలం ఉన్నవారు అందులోకి మారారు. సుమోలో వచ్చినవాణ్ని చూసి ఊరు లేచి నిలబడేది. మారుతిలో వచ్చినవాణ్ని చూసి ఎవరూ భయపడలేదు. పల్నాటిలో భయపెట్టని వాహనానికి మధ్యతరగతి ఎంత విలువ ఇచ్చిందో బయటివారికి చెబితే అర్థం కాదు.

2010 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య ప్రమాణాలు రావడంతో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో మారుతీ 800 అమ్మకం ఆగింది. మా వంటి చోట్ల మాత్రం మరికొన్నాళ్లు కొనుక్కునే వీలుండేది. చివరికి 2014 జనవరి 18న తయారీ నిలిచిపోయింది. అప్పటికి అమ్ముడైనవి 25 లక్షలకు పైమాటే. అదే ఏడాది మే నెలలో అంబాసిడరు కర్మాగారమూ ఆగింది. వేరువేరు కాలాల బండ్లు ఒకే ఏట వెళ్లిపోయాయి. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గానీ ఏర్పడలేదు. అప్పటికే రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చేసింది. కాబట్టి మిగిలిన మా మారుతీల నుదుట ఇంకా గుంటూరు ఏపీ 07 రాతే ఉంది. పదిహేనేళ్లు దాటితే అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. 1983లో కొత్త కారుకు కట్టిన ధరావతు అంతే!

మిగిలినవాటిలో కొన్ని మా వైపు డ్రైవింగు స్కూళ్లలో ఉన్నాయి. ముందు ఎర్రటి "ఎల్" అక్షరం, రెండేసి క్లచ్చులు, రెండేసి బ్రేకులు. మొన్న ఊరికి వెళ్లినప్పుడు అలాంటిదొకటి చూశాను. నేర్పే మనిషి పక్క సీటులో ఉన్నాడు. స్టీరింగు ముందు యాభయ్యేళ్ల గృహిణి, వెనక నవ్వు ఆపుకుంటూ ఆమె కోడలు. నాయనమ్మ ఉంటే ఏమనేదో ఊహించగలను: పక్కన కూర్చోవడం వరకు సరే, అసలు సీటే తీసుకున్నారన్నమాట!

మీ ఇళ్లలో మొదటి కారు ముందు సీటు ఎవరిది? ఇలాంటి సంగతులు ఏ గెజిటీరులోనూ ఉండవు. గుర్తున్నవారు రాసిపెడితేనే మిగులుతాయి.