ఆగిన కారు పక్కన సైకిలు

తెనాలిలో సైకిలుకి ఒకప్పుడు వేరే దారి అక్కర్లేకపోయింది, ఉన్న దారంతా దానిదే కాబట్టి. ఊరి మధ్యగా కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు పారతాయి. వాటి కట్టల మీదుగానే పల్లెల నుంచి పాలక్యాన్లూ కూరగాయల బుట్టలూ క్యారేజీకెక్కి బజారుకొచ్చేవి. రేపల్లెకి 1916లో రైలొచ్చినా, స్టేషనులో దిగాక లంక ఊళ్ళకి పోవాలంటే నడకో, బండో, సైకిలో. మద్రాసులో 1949లో టీఐ సైకిల్స్ కంపెనీ పుట్టింది. ఆ రోజుల్లో అల్లుడికి వాచీ, సైకిలు పెట్టడం ఘనమైన లాంఛనం.

రోడ్డు మీద నియమాలన్నీ సైకిలువాడి నెత్తినే ఉండేవి. మునిసిపాలిటీకి పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవాలి, చీకటిపడితే దీపం వెలిగించాలి, డబల్స్ ఎక్కించుకోకూడదు. తప్పితే పోలీసు టైరులో గాలి తీసేసేవాడు. సైకిలువాడికి రోడ్డేం చెయ్యాలన్న ప్రశ్నకి కాగితం మీద జవాబు 1962లో వచ్చింది. రద్దీ గంటలో 400 సైకిళ్ళు దాటి, మోటారు బళ్ళు 100 నుంచి 200 దాకా పోయే రోడ్డుకి ప్రత్యేక ట్రాకు ఉండాలంది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. వెడల్పు కనీసం 2 మీటర్లు, ట్రాకుకీ రోడ్డుకీ నడుమ మీటరు జాగా. ఆ ప్రమాణాన్ని 2015లో సవరించారు కూడా. మన బజారు వీధులకి మాత్రం ఆ మీటరు దక్కలేదు, ఈలోగా కార్లొచ్చి అక్కడ ఆగాయి.

పరుగెత్తే కారుని సైకిలువాడు చూసుకుంటాడు. చిక్కంతా ఆగినదానితోనే. గంటకి 15 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి నాలుగు మీటర్ల పైమాటే. కారు తలుపు తెరవడానికి ఆ సెకను కన్నా ఎక్కువ సేపు పట్టదు, బెల్లు కొట్టే వ్యవధి కూడా ఉండదు. తలుపుకి గుద్దుకోవడం ఒక ప్రమాదం. దాన్ని తప్పించబోయి కుడికి తిరిగి లారీ కింద పడటం ఇంకా పెద్దది. అందుకే ఆగిన కార్లని ఆనుకుని తెల్లగీత గీసి అదే సైకిలు దారంటే నేనొప్పుకోను. అది సైకిలువాణ్ణి తలుపు దగ్గరికే నడిపించే గీత.

సైకిలుకి వేరే దారన్న ఆలోచన కొత్తది కాదు, హాలండులోని యూట్రెక్ట్ 1885లోనే వేసింది. అమెరికాలో డేవిస్ పట్టణం 1967లో మొదలుపెట్టింది. 2007లో న్యూయార్కు తొమ్మిదో అవెన్యూలో చేసింది చిన్న తారుమారే: కార్లని రోడ్డువైపు జరిపి, కాలిబాటకీ కార్లకీ మధ్య సైకిళ్ళని పెట్టింది. ఆగిన కార్లే గోడయ్యాయి. మన పద్ధతిలో ఈ దారి కారుకి ఎడమవైపు వస్తుంది. డ్రైవరు ఒక్కడే వచ్చిన కారులో ఆ తలుపు తెరిచే పనే ఉండదు. అయినా మధ్యన మీటరు ఖాళీ వదలాల్సిందే.

తెనాలి బోసు రోడ్డులో అలా వెయ్యాలంటే ముందు సైడు కాలవల మీద పలకలు సరిగ్గా పరవాలి. కొట్ల ముందు మోటారు సైకిళ్ళకి, బజ్జీల బండికి వేరే చోటు చూపాలి. బాపట్లలోనూ ఇదే తంతు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలారు కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాకు తెరిచారు. చూడముచ్చటైనదే, కానీ అక్కడ ఆగే కార్లూ లేవు, కొట్లూ లేవు. మన బజారుకి అది చెప్పే పాఠం తక్కువ. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్ళిచ్చింది. బడి దాకా దారి మాత్రం ఇవ్వలేదు.

దారి వచ్చేదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. కారు ఆపాక కుడి తలుపుని ఎడమచేత్తో తీయండి, మెడ దానంతటదే వెనక్కి తిరుగుతుంది. ఎడమవైపు కూర్చున్నవాళ్ళు కుడిచేత్తో తీయాలి.