గోదావరి డెల్టా క్రైస్తవ ప్రార్థనలో కృతజ్ఞత: ఆచారం, పదం, అర్థం

గోదావరి డెల్టాలోని తెలుగు క్రైస్తవుల ప్రార్థనలో కృతజ్ఞత భావంగానే మిగిలిపోలేదు. వారానికీ, పంటకూ, ఇంటికీ ముడిపడిన ఆచారంగా స్థిరపడింది. ఆ ఆచారపు రూపాలను, దానిని మోసిన తెలుగు పదాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1836లో ఆంథొని నోరిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు భారతదేశానికి వచ్చారు. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్‌కు చెందిన వీరిలో బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. నరసాపురం ప్రాంతంలో వీరి కృషి గోదావరి డెల్టా మిషన్‌గా రూపొందింది. వీరి బ్రదరెన్ సంప్రదాయానికి ప్రతి ఆదివారం జరిగే రొట్టె విరుచుట కేంద్రం. ఈ సంస్కారానికి గ్రీకులో ఉన్న ‘యూఖరిస్తియా’ అనే పేరుకు కృతజ్ఞతాస్తుతి అనే అర్థం. విన్నపాలకు ప్రార్థనకూటం వేరుగా ఉండటంతో ఆదివారపు ఆరాధన ప్రధానంగా స్తుతికే దక్కింది. అభిషిక్త గురువు అవసరం లేనందున, చదువురాని కూలి సైతం లేచి తన మాటల్లో స్తుతి చెల్లించగలిగాడు. అయితే ఈ స్వేచ్ఛ పురుషులకే పరిమితమైంది.

1845లో ఉత్తర జర్మన్ మిషన్ రాజమహేంద్రవరంలో ప్రారంభించిన పని తరువాత అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది. ఈ సంప్రదాయంలో కృతజ్ఞతకు పంటకాలం ఆధారమైంది. కోతపండుగనాడు ధాన్యం, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్లు గుడికి చేరుతాయి. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి దాచి గుడికి తెచ్చే అలవాటు స్త్రీల చేతిలోని నిత్యకృతజ్ఞత. కూటంలో దొరకని మాటకు బదులుగా పొయ్యి దగ్గర వారికి ఈ క్రియ దొరికింది.

1847–1852 మధ్య నిర్మితమైన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా పంటను పెంచింది. కాని సంఘాల్లో అధికులైన మాల, మాదిగ కూలీలకు ఆ పొలాలు సొంతం కావు. వారు అర్పించిన ధాన్యం చాలావరకు కూలిగా వచ్చిన గింజే. గింజ కొలిచిన ఆసామి పట్ల విశ్వాసంగా ఉండాలనీ, ఎదురాడితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్లనీ సమాజం వారికి నేర్పింది. ఆ గింజను దేవుని ఈవిగా ప్రకటించడంతో దాత స్థానం మారింది. ఆసామి కూడా పుచ్చుకున్నవాడే అయ్యాడు. అదే సమయంలో ఈ స్తుతి కూలి చెమటను మరుగుపరిచే ప్రమాదమూ ఉంది.

ఈ ద్వంద్వం పదాల్లోనే ఉంది. కృతజ్ఞత అంటే చేసిన మేలును ఎరిగి ఉండటం. కాని క్రైస్తవ వాడుకలో కృతజ్ఞతాస్తుతులు ‘చెల్లిస్తారు’. అప్పు, శిస్తు, మొక్కు కూడా చెల్లించేవే. అప్పు, శిస్తు తీరకపోతే నిలదీసేవారుంటారు. మొక్కు కోరిక తీరాక చెల్లేది. ప్రతి ఆదివారమూ చెల్లించే స్తుతి మాత్రం ఎన్నడూ తీరిపోదు. అందువల్ల అది బాకీగా కాక ఎరుకగా నిలవగలిగింది.

పుట్టుక, ఉద్యోగం, గృహప్రవేశం సందర్భాల్లో బంధుమిత్రులకు భోజనం పెట్టి జరిపే కృతజ్ఞతకూటాలు ఈ ఎరుకకు గృహరూపం. మొక్కుకు ఉన్న సందర్భం, ఆదివారానికి ఉన్న స్వేచ్ఛ వీటిలో కలిశాయి. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తామే నిర్ణయించుకోవడం, ఆ నిర్ణయాన్ని నలుగురిలో పలకడం డెల్టా కూలీల చరిత్రలో గౌరవ ప్రకటన. కనుక ఈ ప్రార్థనాచారాన్ని భక్తిచరిత్రలో భాగంగానే కాక సామాజిక చరిత్రకు ఆధారంగానూ గుర్తించవలసి ఉంది.