మెహర్, శుల్కం, జోడే కి రఖం

ముస్లిం స్త్రీ అనగానే తెలుగు మేధావికి బుర్ఖా, తలాక్ గుర్తొస్తాయి. మనవాళ్ళకేమో పధ్నాలుగు వందల ఏళ్ళ కిందటే ఇస్లాం స్త్రీకి ఆస్తిహక్కు ఇచ్చిందన్న గర్వం గుర్తొస్తుంది. ఇంతకీ ఆమె చేతిలో ఏముందో ఇద్దరూ చూడరు. చరిత్రను ఆ చేతి దగ్గర్నుంచి చదవాలి.

7వ శతాబ్దపు అరేబియా, 19వ శతాబ్దపు విశాఖ మండలం. కాలంలోనూ దూరంలోనూ ఒకదానితో ఒకటి సంబంధం లేని సమాజాలు. రెండుచోట్లా పెళ్ళికి డబ్బిచ్చింది మగవాడే. ఆ డబ్బు ఎవరికి చేరిందన్న దగ్గరే తేడా అంతా. మెహర్ పెళ్ళికూతురికే ఇవ్వమని ఖురాన్ నాలుగో సూరా చెప్పింది. అది తండ్రిదీ కాదు, అన్నదీ కాదు. తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకు వాటాలో సగం అని కూడా ఆ సూరాయే చెప్పింది. సగమే ఎందుకన్న ప్రశ్న ఉంది, ఉండాలి కూడా. అయినా అది దయాధర్మం కాదు, హఖ్.

కన్యాశుల్కం తండ్రి మూటలోకి పోయింది. విజయనగరం మహారాజా ఆనందగజపతి లెక్క తీయిస్తే, విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో 1,034 శుల్క వివాహాలు తేలాయి. ఆ పెళ్ళికూతుళ్ళలో ఏడాది పసికందులూ ఉన్నారు. 1897లో అచ్చయిన తన నాటకానికి పీఠిక రాస్తూ గురజాడే ఈ సంగతి చెప్పాడు. ఇంగ్లీషు చదువులు, సర్కారు కొలువులు వచ్చాక వరుడికి ధర పలికింది. శుల్కం పోయి కట్నం వచ్చింది. డబ్బు దారి మళ్ళినా ఆడపిల్ల చెయ్యి ఖాళీయే.

ఈ రెండు ఆచారాలూ హైదరాబాద్‌లో ఒకే షామియానా కింద కలిశాయి. ఖాజీ మెహర్ రాస్తాడు. చాలా ఇళ్ళల్లో అది తర్వాత ఇస్తానన్న మాటగానే మిగులుతుంది. భర్త జనాజా లేవకముందే, మెహర్ మాఫ్ చెయ్యి బేటీ అని పెద్దవాళ్ళు ఆమెనే అడుగుతారు. జోడే కి రఖం మాత్రం నగదు, అదీ నిఖాకు ముందే. పేరు అరేబియాది, పద్ధతి పక్కింటిది. మెహర్ కట్నం కాదని 1961 వరకట్న నిషేధ చట్టానికి తెలుసు. మనకే తెలియనట్టుంది.

భూమి దగ్గర రెండిళ్ళూ మరీ ఒకటి. హిందూ కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లో వచ్చింది, అదీ అప్పటికే పెళ్ళయిన వాళ్ళను వదిలేసి. దేశమంతటికీ 2005లో వచ్చింది. 1985లో మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఎకరాల లెక్క గజాల్లోకి దిగింది. చెల్లెలి సంతకానికి విలువొచ్చింది. పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా అని ఒక ఇంట్లో అంటారు. జహేజ్ ఇచ్చాం కదా అని ఇంకో ఇంట్లో అంటారు. వాటా అడిగితే అక్కడ పుట్టిల్లు దూరం, ఇక్కడ మైకా దూరం. రెండు భాషల్లో ఒకే బెదిరింపు.

అదే 1998లో ఏర్పడి ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయానికి, స్త్రీవిద్య మీద దృష్టి పెట్టమని దాని చట్టమే చెబుతుంది. మన ఆడపిల్లలు చదువుతున్నారు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో కొలువులు చేసి జీతాలు తెస్తున్నారు. ఆ జీతంతో కొన్న ఫ్లాటు ఎవరి పేరు మీద రిజిస్టరయింది? ఆమె మెహర్ ఆమెకు ముట్టిందా? తండ్రి భూమిలో వాటా అందిందా?

ఈ లెక్క మనమే తేల్చాలి. లేకపోతే బయటివాళ్ళు తేలుస్తారు, వాళ్ళ అవసరం కొద్దీ.