మన పంటి క్యాప్ ఎక్కడ పుట్టింది?

రూట్ కెనాల్‌తో నొప్పి పోయింది కదా అని నేను క్యాప్ వేయించుకోలేదు. ఆర్నెల్లకి పల్లీపట్టీ కొరికితే పన్ను నిలువునా చీలింది. పీకేశారు. ఆ కడుపుమంటతోనే దీని చరిత్ర చదివా.

బంగారు తొడుగులు ముందే ఉన్నాయి. పన్నులాగే కనిపించే తొడుగు కోసం 1880ల చివర్లో అమెరికాలోని డెట్రాయిట్‌లో చార్లెస్ ల్యాండ్ అనే డెంటిస్ట్ ఓ పని చేశాడు. పలచటి ప్లాటినం రేకుని పన్ను ఆకారంలో ఒత్తి, దానిమీద పింగాణీ పూసి బట్టీలో కాల్చాడు. తర్వాత రేకు ఒలిచేశాడు. అంతే, జాకెట్ క్రౌన్! (1927లో విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ ఈయన మనవడే.)

కానీ పింగాణీ పెళుసు కదా, గట్టిగా నమిలితే పగిలేది. లోహం మీద పింగాణీ అతికించే పద్ధతికి 1962లో పేటెంట్ వచ్చాక దవడ పళ్లకీ ధైర్యంగా వేశారు. ఇప్పుడైతే జిర్కోనియా.

నాకు మాత్రం ఆ ఖాళీలో బ్రిడ్జ్ కట్టాలంటే, అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లని అరగదీసి క్యాప్‌లు వేయాలట.