కోన్ బోల్యా?

ప్రతి సెప్టెంబరు 17కి మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో జంగ్ మొదలవుతుంది. పోయినసారి మా భాంజా ఒక మెసేజ్ పెట్టాడు. 1948 పోలీస్ యాక్షన్‌లో రెండు లక్షల మంది ముసల్మాన్లు షహీద్ అయ్యారని అందులో ఉంది. రాసిందెవరో లేదు. గంట గడవక ముందే మా చాచా కొడుకు తన ఆఫీసు దోస్తుల దగ్గర నుంచి వచ్చిన ఇంకో మెసేజ్ తెచ్చి దాని కింద వేశాడు. ఐదు రోజుల్లో అంతా అమన్‌గా ముగిసిందట, మామూలు జనంలో ఒక్కరికీ గాయం కాలేదట. దానికీ రాసినవాడి పేరు లేదు.

"మామూ, మీరు అఖ్బార్‌లో పనిచేస్తారు గదా, ఏది సచ్?" అని భాంజా అడిగాడు.

జవాబు రాయడానికి నాకు రాత్రంతా పట్టింది. ఎందుకంటే ఆ లెక్కలో మా నానీ వాళ్ల భాయిజాన్ కూడా ఉన్నాడు.

మా నానీది బీదర్ వైపు పల్లె. అప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. పోలీస్ యాక్షన్ రోజుల్లో ఇంట్లోంచి బయటికి వెళ్లిన అన్న మళ్లీ రాలేదు. గుల్బర్గాలో చూశామని ఒకరు, కరాచీ పోయాడని ఇంకొకరు చెప్పేవాళ్లట. విన్న ప్రతిసారీ వాళ్ల అబ్బా రొట్టెలు మూట కట్టుకొని బయలుదేరేవాడు, వట్టి చేతులతో వచ్చేవాడు. అందుకే నానీకి ఒక ఆదత్ పడిపోయింది. ఎవరు ఏ ఖబర్ తెచ్చినా ముందు అడిగేది ఒకటే: "కోన్ బోల్యా? ఉస్కు కోన్ బోల్యా?" ఎవరు చెప్పారు, ఆయనకు ఎవరు చెప్పారు అని.

చదువురాని నానీ అడిగిన ఆ సవాల్ మీదే మన దగ్గర ఒక పెద్ద ఇల్మ్ నిలబడి ఉంది. హదీసులు సేకరించిన ముహద్దిసీన్ మాట కంటే ముందు సనద్ చూసేవారు. ఈ రావీ ఎవరు? జ్ఞాపకశక్తి ఎట్లాంటిది? అబద్ధమాడిన దాఖలా ఉందా? ఎవరి దగ్గర విన్నానంటున్నాడో ఆయనను నిజంగా కలిశాడా? గొలుసులో ఒక కడియం తెగితే, మాట ఎంత తియ్యగా ఉన్నా దాన్ని జయీఫ్ అన్నారు. దీన్ విషయంలో ఇంత తహ్కీక్ చేసిన ఖౌమ్ సియాసీ ఖబర్ దగ్గరికి వచ్చేసరికి 'ఫార్వర్డ్' నొక్కేస్తోంది.

1948లో కూడా ఖబర్‌కు కొదవ లేదు. నిజాం హుకూమత్‌కు తన రేడియో, ఢిల్లీకి తన రేడియో. ఢిల్లీ ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగురుతుందని రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ తఖ్రీర్లు చేసేవాడు. నమ్మినవాళ్లు నమ్మారు. సెప్టెంబరు 13న భారత సైన్యం లోపలికి వచ్చింది. 17న నిజాం ఓటమి ఒప్పుకున్నాడు. నమ్మిన జనాన్ని, నమ్మకుండా తన పని తాను చేసుకున్న మా నానీ అన్నలాంటివాళ్లను రజ్వీ తఖ్రీర్లు కాపాడలేదు.

ఆ రోజుల్లోనే తన వాళ్లకు నచ్చని మాట రాసినవాడు ఒకడున్నాడు. పేరు షోయబుల్లా ఖాన్. మహబూబాబాద్ వైపు పుట్టినవాడు. మందుముల నర్సింగరావు నడిపిన 'రయ్యత్' ఉర్దూ పత్రికలో పనిచేశాడు. హుకూమత్ దాన్ని మూయించింది. 1947 నవంబరులో 'ఇమ్రోజ్' పెట్టాడు. రజాకార్ల జుల్మ్ ఆగాలని, హైదరాబాద్ హింద్ యూనియన్‌లో కలవాలని ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని ఇంటికి వెళ్తుండగా కాల్చారు, చెయ్యి నరికారు. తెల్లవారకముందే ప్రాణం పోయింది. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.

ఇమ్రోజ్‌కు ఒక పక్షం లేదని నేననను, ఉంది. కానీ రాసినవాడు పేరు దాచుకోలేదు, దఫ్తర్ ఎక్కడుందో అందరికీ తెలుసు. పక్షం ఉండటం వేరు, ఝూట్ చెప్పడం వేరు.

రెండో గవాహీ పోలీస్ యాక్షన్ తర్వాతది. పల్లెల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ఒక బృందాన్ని పంపాడు. పండిత్ సుందర్‌లాల్ దానికి పెద్ద. హైదరాబాద్‌లో 'పయామ్' ఉర్దూ దినపత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ అందులో ఒకరు. 1948 నవంబరు చివర వచ్చి డిసెంబరులో దాదాపు మూడు వారాలు తిరిగారు. 16 జిల్లాల్లో 9 చూశారు. తాము వెళ్లలేని 109 గ్రామాల నుంచి 500 మందికి పైగా మనుషులను కలిసి మాట్లాడారు. తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్‌తో పాటు మా నానీ బీదర్ కూడా ఉంది.

ఆ రిపోర్టులో నన్ను ఆపేసింది సంఖ్య ఒక్కటే కాదు. పంపించిన హుకూమత్‌కు నచ్చదని తెలిసీ, కొన్నిచోట్ల సైన్యంలోని, పోలీసుల్లోని మనుషులు కూడా దోపిడీలో చేయి కలిపారని రాశారు. అంతకు ముందు రజాకార్లు చేసిన జుల్మ్‌నూ దాచలేదు. ప్రాణాలకు తెగించి ముసల్మాన్ పొరుగువాళ్లను కాపాడిన హిందువుల మాటా రాశారు. ముగ్గురికీ గుస్సా తెప్పించే రాత అది. హుకూమత్ దాన్ని అచ్చు వేయలేదు. దశాబ్దాల తర్వాత గానీ మామూలు మనిషి చేతికి అందలేదు.

ఖాళీ జాగా ఉంటే అఫ్వా వచ్చి కూర్చుంటుంది. సచ్‌ను తాళం వేసి పెట్టినన్నాళ్లూ 'రెండు లక్షలు' పెరిగింది, 'ఒక్కరూ చావలేదు' కూడా పెరిగింది. రెండూ ఒకే తల్లి పిల్లలు.

తెల్లవారుజామున ఫజర్ తర్వాత గ్రూపులో జవాబు పెట్టాను. ఇద్దరి మెసేజ్‌లకూ సనద్ లేదని చెప్పాను. సుందర్‌లాల్ బృందం ఎక్కడెక్కడ తిరిగిందో, ఎంత మందిని అడిగిందో, వాళ్ల అంకె ఎంతో రాశాను. అది అంచనాయే గానీ శవాల లెక్క కాదని కూడా రాశాను. సంఖ్య పెంచితే మన దుఃఖానికి ఇజ్జత్ పెరగదు బేటా, ఒక్క అబద్ధం దొరికితే చాలు, అవతలివాడు 27 వేలను కూడా ఝూట్ అంటాడు అన్నాను.

ఏదైనా సియాసీ ఖబర్ వస్తే నేను అడిగేవి మూడే. రాసినవాడి పేరుందా? తాను చూశాడా, విన్నాడా, విన్నది ఎవరి దగ్గర? తన సొంత పక్షానికి ఇబ్బందయ్యే ఖబర్‌ను ఎప్పుడైనా రాశాడా? మూడోది అన్నిటికంటే గట్టి పరీక్ష. మన గుస్సాను మాత్రమే మేపే అఖ్బార్, చానల్, ఫోన్ మెసేజ్ ఏదైనా, మన ఖౌమ్‌దే అయినా సరే, ఆగి చూడాలి.

భాంజా తన మెసేజ్ తీసేశాడు. చాచా కొడుకు తీయలేదు గానీ, "రిపోర్ట్ పంపు భాయ్, చదువుతా" అన్నాడు. పంపాను.

రిపోర్టులో మా నానీ అన్న పేరు లేదు. ఆయన ఎక్కడ ఆగిపోయాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నానీ ఆఖరి రోజుల్లో మా పెద్దమ్మ ఓదార్పుగా, "జన్నత్‌లో ఉంటాడు అమ్మీ" అంది. నానీ దానికి మాత్రం కోన్ బోల్యా అని అడగలేదు. ఆమీన్ అంది.